మూడో లైను మునుం

భూదేవి నోరు మూసుకుందంటే చుట్టుపక్కల వాళ్లు జాగ్రత్తపడాల్సిందే. మామూలుగా ఆమె గొంతు బామ్ని ఊరికి ఈ కొసన లేస్తే ఆ కొసన వినిపిస్తుంది. తిట్టినా అంతే, నవ్వినా అంతే, నాట్లలో పాట ఎత్తుకున్నా అంతే. అటువంటి మనిషి ఆ మే నెల మధ్యాహ్నం కుట్టుమిషను ముందు పెదవులు బిగించి బొమ్మలా కూర్చుంది. పక్క మిషను మీది దేవక్క ఓరగా చూసి, "అయిపాయె, ఇయ్యాల ఎవలికో మూడింది" అని గొణుక్కుని సూదిలో దారం ఎక్కించుకుంది.

సంగతి ఏమిటంటే, నిఖిత బిళ్ల అడిగింది. కృష్ణకాంత్ ఇవ్వనన్నాడు.

బిళ్ల అంటే ఏమిటో చెప్పాలి, లేకపోతే ఈ కథే అర్థం కాదు. సిరోంచ దాటి అహేరి వైపు పోయే రోడ్డు మీద ఒకప్పుడు తునికాకు నిలవ పెట్టిన పెద్ద రేకుల గోదాం ఉంది. కిందటి చలికాలంలో చంద్రపూర్ సేటు ఒకాయన దాన్ని తీసుకుని, బడిపిల్లల యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీ పెట్టాడు. లోపల మూడు వరుసల మిషన్లు, అన్నింటి మీదా ఆడవాళ్లే. వరుసకొక చెక్కబిళ్ల ఉంటుంది. పళ్లెమంత వెడల్పు, ఎర్ర రంగు, మెడకు సరిపడా తాడు. సూపర్‌వైజరు కృష్ణకాంత్ బల్ల పక్కన మేకుకు వేలాడుతూ ఉంటుంది. బాత్రూముకు పోవాల్సిన మనిషి అందరి ముందూ నడిచి వెళ్లి, ఆయన్ని అడిగి, దాన్ని మెడలో వేసుకుని పోవాలి. ఆ మనిషి తిరిగొచ్చి తగిలిస్తే గానీ ఇంకొకరికి మోక్షం లేదు. ఎద్దు మెడలో గంట కట్టినట్టు మనిషి మెడలో ఆ బిళ్ల ఏమిటండీ! ఆ సిగ్గు పడలేక సగం మంది పొద్దుటి నుంచీ నీళ్లు ముట్టుకోవడమే మానేశారు. పైన రేకులు పెనంలా కాలుతుంటే కింద ఆడవాళ్లు నాలుకతో పెదవులు తడుపుకుని సరిపెట్టుకునేవాళ్లు.

"సార్, జర బిళ్ల ఇయ్యండి" అని అడిగింది నిఖిత.

"పొద్దుగాల పోయినవు గద. మళ్ల ఏంది?" అన్నాడు కృష్ణకాంత్. అహేరి మనిషి, తెలుగూ మరాఠీ రెండూ గలగలా మాట్లాడతాడు. "ముందుగల నీ కుప్ప జూస్కో. కాలర్లు గుట్ట వడ్డయి నీ దగ్గర. నీ ఒక్కదాని కోసం లైనంత ఆగాల్నా? రెండు మూడు దినాలు జూస్త. గిట్లనే ఉంటె ఇంట్ల కూసుందువు గని."

నిఖిత వచ్చి తన మిషను ముందు కూర్చుంది. నుదుటి చెమట భుజంతో తుడుచుకుని కాలరు అందుకుంది.

అక్కడ చొక్కా మొత్తం ఒక్కరే కుట్టరు. ఒకరు జేబు వేస్తే ఇంకొకరు భుజం కలుపుతారు, నిఖిత కాలరు వేస్తుంది, ఆ తర్వాత చేతులు, అంచు, చివరికి గుండీలు. తన పని కాగానే ముక్కను పక్కామె బల్ల మీదికి తోసెయ్యాలి. ఎవరి చెయ్యి మందగిస్తే వాళ్ల ముందు ముక్కలు గుట్టగా పేరుకుంటాయి. కృష్ణకాంత్ చేసే ఉద్యోగమంతా ఆ గుట్ట ఎక్కడ పడిందో చూడడమే.

నిఖితకు ఆరో నెల. ఆ సంగతి భూదేవికీ దేవక్కకూ తప్ప ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియదు. దుమ్ము పడుతుందనే వంకతో మొగుడి వదులు చొక్కా పైన తొడుక్కుని కడుపు దాచుకుంటూ వస్తోంది. ఎందుకు దాచాలంటే, చలికాలంలో రెండో లైను అరుణశ్రీ కడుపుతో ఉన్నదని తెలిసిన రోజే కృష్ణకాంత్ ఎంతో తియ్యగా, "ఇంటికి పోయి మంచిగ రెస్టు తీస్కో అమ్మా" అని గేటు దాకా సాగనంపాడు. ఆ పిల్ల మళ్లీ లోపలికి రాలేదు. నిఖితకేమో ఈ మిషనంటే ప్రాణం. పనికి రాకముందు చెయ్యి చాచి అడుక్కున్నట్టు ఎవరి పొలంలో పిలుస్తారా అని ఎదురుచూసిన పిల్ల, ఇప్పుడు "నేను కాలరు మాస్టర్‌ను" అని అత్తగారి ముందు తలెత్తి చెప్పుకుంటోంది. పైగా మొదటి కడుపు నిలవలేదు. సిరోంచ దవాఖానాలో డాక్టరమ్మ ఈసారి గట్టిగా చెప్పింది, నీళ్లు బాగా తాగకపోతే బిడ్డకే ముప్పు అని.

నీళ్లు తాగితే లేవాలి. లేస్తే కుప్ప పడుతుంది. కుప్ప పడితే పని పోతుంది. తాగకపోతే బిడ్డ. ఇదీ నిఖిత మెడకు బిగుసుకున్న ముడి. ఆ పిల్లను ఇంటి నుంచి పిలుచుకొచ్చి ఆ మిషను ముందు కూర్చోబెట్టింది భూదేవే.

ఆ మధ్యాహ్నం భూదేవికి ఒళ్లు మండింది ఒక్క కృష్ణకాంత్ మీదే కాదు. సగం మంట తన మీద తనకే.

ప్రాణహిత నది ఒడ్డు ఊళ్లలో వరి నాట్లప్పుడు ఆడవాళ్లంతా మడిలో ఒకే వరుసగా నిలబడి, తలా కొంత వెడల్పు పంచుకుని, నాటుకుంటూ వెనక్కి నడుస్తారు. ఆ వరుసను మునుం అంటారు. బామ్నిలో మునుం నడిపించాలంటే భూదేవి తర్వాతే ఎవరైనా. పాట ఎత్తుకుందంటే నడుం నొప్పి మరిచిపోయి చేతులు వాటంతటవే ఆడతాయి. గుత్తకు పట్టిన మడి అయితే ఇక చెప్పేదేముంది! పని అయిపోతే ఇంటికి పోవడమే కాబట్టి, అంతా పోటీ పడి నాటి, పొద్దు ఉండగానే గట్టెక్కి కాళ్లు కడుక్కునేవాళ్లు.

ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో రోజుకు ఇన్ని చొక్కాలు కావాలని కృష్ణకాంత్ చెప్పగానే, భూదేవికి అది అచ్చం గుత్త లాగే అనిపించింది. "గుత్తనే గదనే ఇది! బిరబిర కుట్టి ఇంటికి పోదాం పాండ్రి" అని మూడో లైనును ఉరికించింది. పాట కూడా పాడింది. సూర్యుడు ఇంకా పైనుండగానే చొక్కాలన్నీ లెక్కకు వచ్చేశాయి. మూడో లైను ఆడవాళ్లంతా నవ్వుకుంటూ టిఫిన్ డబ్బాలు పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లారు. గేటుకు తాళం ఉంది. ఎటపల్లి వైపు నుంచి వచ్చిన వాచ్‌మన్ జంగు పాపం ఏం చెప్పాలో తెలియక నేల చూశాడు. కృష్ణకాంత్ పరుగున వచ్చి అందరినీ మెచ్చుకుని, మళ్లీ మిషన్ల మీద కూర్చోబెట్టాడు. మర్నాటి నుంచి ఆ ఎక్కువ లెక్కే అసలు లెక్క అయింది. మూడు లైన్లకూ అదే. నీళ్లకు లేచే తీరిక పోయింది, మాట్లాడే తీరిక పోయింది, ఆ వెనకే బిళ్ల వచ్చింది. భూదేవి ఆ రోజు నుంచి ఫ్యాక్టరీలో పాట పాడలేదు.

సాయంత్రం బామ్నికి పోయే జీపులో నిఖిత కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. భూదేవి సీసా మూత తీసి నోటికి అందించింది.

"ఇప్పుడన్న తాగు బిడ్డా. ఇప్పుడు బిళ్ల ఎవలు అడుగుతరు?"

నిఖిత గుక్కతిప్పుకోకుండా తాగింది. తాగి, చెంగుతో మూతి తుడుచుకుంటూ ఏడ్చింది. "అక్కా, రేపు సుత కుప్ప వడ్తది. నా చెయ్యి ఆడుతలేదక్కా."

భూదేవి సీసాకు మూత బిగించి తల దించుకుంది. ఎదురు సీటులో దేవక్క మాత్రం ఊరుకునే రకం కాదు.

"ఎందుకే మొకం గట్ల మాడ్చుకుంటవు?" అంది భూదేవిని.

"నేనే గద దేవక్కా గీ పొల్లను తెచ్చింది. ఉరికిచ్చింది సుత నేనే."

"ఉరికిచ్చినవు, నిజమే. మరి నాట్లల్ల గూడ ఉరికిస్తవు గద. ఏనాడన్న మునుంల ఒక్కల్ని ఎనక ఇడిసి గట్టెక్కినవా? నా కోడలు బాలింత ఉన్నప్పుడు ఏం జేసినవు?"

జీపు గుంతలో పడి లేచింది. భూదేవి దేవక్క వైపు తిరిగింది.

ఏం చేసిందో ఆమెకు బాగా గుర్తుంది. మునుంలో బాలింత ఉన్నా, ముసలిది ఉన్నా, జ్వరం మనిషి ఉన్నా, అటు పక్కామె ఒక జానెడు, ఇటు పక్కామె ఒక జానెడు ఆమె వంతులోంచి అడగకుండానే నాటేస్తారు. అప్పటికీ ఆ మనిషి అందుకోలేకపోతే మునుం మొత్తం నెమ్మదిస్తుంది. వెనకబడిన చేతిని బట్టే అందరి చేతులూ. పాట కూడా సాగదీసి పాడతారు. ఒకరిని మడిలో వదిలేసి మిగతావాళ్లు గట్టెక్కితే ఊళ్లో తలెత్తుకోలేరు. కలిసి దిగాలి, కలిసి ఎక్కాలి. ఇంత తెలిసిన మనిషి ఫ్యాక్టరీలో ఉరకడం ఒక్కటే గుర్తుపెట్టుకుని ఈ సంగతి ఎట్లా మరిచిపోయిందో!

"దేవక్కా, నీ నోట్ల చక్కెర పొయ్య!" అని భూదేవి ఒక్క కేక పెట్టింది. డ్రైవరు ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు.

మర్నాడు అన్నాలప్పుడు బోరింగు దగ్గర మూడో లైను ఆడవాళ్లు డబ్బాలు విప్పుకుని కూర్చున్నారు. భూదేవి నిఖిత చెయ్యి పట్టుకుని, "చెప్పాల్నా?" అని అడిగింది. నిఖిత తల ఊపింది. అప్పుడు చెప్పింది అందరికీ. ఆరో నెల సంగతి వినగానే ఆడవాళ్లు అన్నం ముద్దలు అలాగే పట్టుకుని ఉండిపోయారు. ఒకామె తన డబ్బాలోని మామిడికాయ ముక్క తీసి నిఖిత మూతలో వేసింది.

"గట్టిగ అడుగుదామా?" అంది ఒకామె.

"అడిగితె అరుణశ్రీ లెక్కనే ఈమెను గూడ పంపిస్తడు" అంది భూదేవి. "అడుగద్దు. మునుం నడిపిద్దాం."

డిగ్రీ చదివి, చుట్టుపక్కల ఇంకో పని దొరక్క జేబులు కుడుతున్న సుజాతకు ముందుగా అర్థమయింది. ఆ అమ్మాయి కళ్లు మెరిశాయి. "అక్కా, కృష్ణకాంత్ సారుకు మనుషులు కనపడరు. కుప్పలే కనపడ్తయి. కుప్పనే లేకపోతె ఎవలు మెల్లగున్నరో ఆయనకెట్ల తెలుస్తది?"

"గదే చెప్తున్న! నిఖిత చెయ్యి సాపినంకనే ముక్క ఇయ్యాలె. నీ పక్కామె చెయ్యి సాపితేనే నువ్వు ఇయ్యి, ముందుగల తొయ్యకు. మిషను మాత్రం ఆగొద్దు. ఎవలన్న లేస్తె పక్కోళ్లు రెండు ముక్కలు ఎక్కువ అందుకోండ్రి. అంతే."

"మరి లెక్క తక్కువొస్తది గదా?" అని సందేహం వచ్చింది ఒకామెకు.

"వస్తది" అంది భూదేవి. "నాట్లల్ల గూడ బాలింత ఉన్ననాడు మడి మెల్లగ తెగుతది. ఏమయితది?"

ఆ తర్వాత జరిగిన తమాషా మూడో లైను ఆడవాళ్లు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. కృష్ణకాంత్ మామూలుగానే వచ్చాడు. వరుస వెంట ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. కుప్ప లేదు. వెనక్కి తిరిగి మళ్లీ నడిచాడు. జేబుల దగ్గర లేదు, భుజాల దగ్గర లేదు, నిఖిత ముందు చూస్తే ఒకే ఒక్క కాలరు, అది కూడా సూది కింద. అందరి మిషన్లూ తిరుగుతున్నాయి. అందరి తలలూ వంగే ఉన్నాయి. సాయంత్రం చొక్కాలు లెక్కపెడితే మాత్రం బాగా తగ్గాయి.

"చలా చలా, లవ్‌కర్!" అని మరాఠీలో తొందరపెట్టాడు. "ఎవలే మెల్లగ కుట్టేది?"

"ఎవలు లేరు సార్, చూడుండ్రి" అంది దేవక్క, ముక్కు మీద వేలేసుకుని మహా ఆశ్చర్యంగా. "కుప్ప ఎక్కడన్న కనపడ్తున్నదా?"

ఆయన పరేషాన్ అయిపోయాడు. మిషన్లకు నూనె వేయించాడు. కరెంటు చూసేవాణ్ని పిలిపించాడు. నిఖిత మీద అనుమానం పోక, ఆమెను వరుస చివర గుండీల మిషను మీదికి మార్చి, కాలరుకు ఇంకొకామెను పెట్టాడు. గుండీల దగ్గరా కుప్ప పడలేదు. ఎందుకు పడుతుంది? ఆ చివర కూర్చున్న చేతిని చూసే ఈ చివరి దాకా అందరూ కుడుతున్నారు. నిఖిత ఇప్పుడు వేళకు నీళ్లు తాగుతోంది. ఆ దిక్కుమాలిన బిళ్ల మెడలో వేసుకునే పోతున్నా, తిరిగొచ్చేసరికి ఆమె ముందు గుట్ట ఉండదు కాబట్టి కృష్ణకాంత్‌కు అనడానికి మాట దొరకడం లేదు. పిల్ల మొహంలో రక్తం తిరిగింది. అది చూసుకుని భూదేవి కడుపు నిండింది.

జూన్ వచ్చింది. ఆకాశం మబ్బు పట్టింది. బడులు తెరిచే రోజు దగ్గర పడుతుంటే, కట్టలు కట్టి పెట్టాల్సిన చోట గోదాం బోసిగా ఉంది. మూడో లైను మంత్రం రెండో లైనుకూ ఒకటో లైనుకూ పాకింది. కృష్ణకాంత్ తెలివితక్కువవాడేమీ కాదు, చివరికి పసిగట్టాడు. ఒక రోజు భూదేవిని బల్ల దగ్గరికి పిలిచి, కుర్చీ వేసి, చాయ్ తెప్పించాడు.

"భూదేవక్కా, నువ్వు మునుం పట్టిచ్చే మనిషివంట గద. నీ మాట అందరు ఇంటరంట. లైన్‌ను మునుపటి లెక్కన ఉరికియ్యి. నిన్ను సూపర్‌వైజర్ చేపిస్త. మిషను ముందల నడుం వంచే పని ఉండది. గీ బిళ్లలు సుత నీ చేతిలనే ఉంటయి."

భూదేవి బిళ్ల వంక చూసింది. చాయ్ ముట్టుకోలేదు. నోరు మూసుకుని లేచి వచ్చి తన మిషను ముందు కూర్చుంది. దేవక్క ఆ మూసిన నోరు చూసి, "ఇగ సేటే రావాలె" అంది.

సేటు రానే వచ్చాడు. మిరుగు వాన, అంటే మృగశిర కార్తె వాన, మొదటిసారి రేకుల మీద దడదడలాడిన రోజది. తడిసిన కారు దిగి, లోపలికి వచ్చి, వరుసలన్నీ చూశాడు. ఆయన మాట్లాడేది హిందీ, అది అందరికీ వచ్చు; వీళ్ల తెలుగు ఆయనకూ అర్థమవుతుంది. మిషన్లు తిరుగుతున్నాయి, మనుషులు కూర్చునే ఉన్నారు, మరి మాలు ఎందుకు రావడం లేదని అడిగాడు. కృష్ణకాంత్ వేలు నేరుగా భూదేవి మీదికి పోయింది. అందరికీ మందు పెట్టింది ఈమేనని చెప్పాడు.

సేటు ఆమెను కాసేపు చూశాడు. కోపంగా కూడా చూడలేదు. పాడైన సూదిని చూసినట్టు చూసి, "ఈమెను పంపించెయ్. గేటు తెరువు" అన్నాడు.

జంగు గేటు తీశాడు. వాన చప్పుడు లోపలికి వచ్చింది.

భూదేవి లేచి నిలబడింది. ఇది జరగొచ్చని ఆమెకు తెలుసు. ఈ రోజు వస్తే ఏం చెయ్యాలో ఆమె ఎవరికీ చెప్పలేదు, ఎవరినీ మాట అడగలేదు. అందరికీ ఇళ్లున్నాయి, పిల్లలున్నారు. లేవండి అని ఏ నోటితో అడుగుతుంది? టిఫిన్ డబ్బా తీసుకుంది. కొంగు దులుపుకుంది. గేటు వైపు నడిచింది. వెనక మిషన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఒక్కటీ ఆగలేదు. పోనీలే, వాళ్ల పని వాళ్లకుండాలి కదా అని మనసుకు సర్దిచెప్పుకుంది గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఒక మిషను ఆగింది.

వరుస చివర, గుండీల మిషను. నిఖిత లేచి నిలబడింది. బిళ్ల అడగలేదు, ఎవరినీ అడగలేదు. పైన తొడుక్కున్న మొగుడి చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పి, తీసి మిషను మీద పెట్టింది. దాచిపెట్టుకున్న కడుపు అందరి ముందుకూ వచ్చింది.

"సేట్‌జీ, నాకు ఏడో నెల" అంది. సేటు వైపు ఒక అడుగు వేసింది. "మెల్లగ కుట్టింది నేను. గీ లైనంత నా చెయ్యి జూసే నడిచింది. పంపితె నన్ను పంపాలె, అక్కను కాదు. అక్క పోతె నేను సుత పోత."

ఆ మాటతో దేవక్క మిషను ఆగింది. సుజాతది ఆగింది. ఆ తర్వాత ఎవరిది ముందో ఎవరిది వెనకో చెప్పలేం. మూడు లైన్లూ ఒక్కసారిగా చల్లబడ్డాయి. అంత పెద్ద గోదాంలో వాన చప్పుడు ఒక్కటే మిగిలింది. ఆడవాళ్లు డబ్బాలు పట్టుకుని వచ్చి భూదేవి వెనక నిలబడ్డారు.

"ఏందిది?" అని కృష్ణకాంత్ అరిచాడు. "గేటు మూయి జంగూ! గేటు మూయి!"

జంగు జేబులన్నీ తడుముకున్నాడు. "తాళం కనవడ్త లేదు సార్" అన్నాడు. తాళం చెవి ఆయన వేలికే వేలాడుతోంది.

దేవక్క కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుతో భూదేవికి పోయిన గొంతు తిరిగొచ్చింది. అదీ ఎట్లాంటి గొంతు! బామ్ని పొలాల్లో మడి దాటి వినిపించే గొంతు.

"సేట్‌జీ, మేం మునుం పట్టేటోళ్లం. కలిసి దిగినం, కలిసి ఎక్కుతం. మా జాగల వేరేటోళ్లను తెచ్చుకుంటనంటె తెచ్చుకోండ్రి. మిరుగు వడ్డది. నార్లు పోస్తున్నరు. ఈ తట్టున్నయి మడులు, నది వంతెన దాటితె తెలంగాణ తట్టున్నయి. నాటేసే చేతులకు పని కొరత లేదు. మీకేమో బడి తెరిచేలోపట చొక్కలు గావాలె. మాకు గీ పని ఇష్టమే. ఇష్టం లేకపోతె గిన్ని దినాలు ఆ ఎండల ఎందుకు కూసుంటం? గని మెడల బిళ్ల ఏసుకొని కుట్టం. నోరు ఎండవెట్టుకొని కుట్టం."

సుజాత ముందుకు వచ్చింది. శుభ్రమైన హిందీలో, ఏమాత్రం తొణక్కుండా చెప్పింది. కడుపుతో ఉన్న మనిషిని ఆ కారణంగా పనిలోంచి తీసేస్తే చట్టం ఒప్పుకోదని, కాన్పుకు జీతంతో సెలవు ఇవ్వాల్సిందేనని, మంచినీళ్లూ బాత్రూమూ దయతలచి ఇచ్చేవి కావని. కావాలంటే గడ్చిరోలి లేబర్ ఆఫీసరు వచ్చి ఇదే మాట చెబుతాడని, ఫోన్ నంబరు తన దగ్గర ఉందని.

సేటు బోసిగా ఉన్న గోదాం మూల వంక చూశాడు. ఆగిన మిషన్ల వంక చూశాడు. ఆడవాళ్ల చేతుల్లోని డబ్బాల వంక చూశాడు. బయట వాన ఇంకా పెరిగింది. ఎవరో ఒకరు కదులుతారేమోనని ఆయన ఎదురుచూశాడు, ఎవరూ కదల్లేదు. చివరికి కృష్ణకాంత్ వైపు తిరిగి, "ఏమిటా బిళ్ల?" అన్నాడు, తనకు అసలు తెలియనట్టు.

కృష్ణకాంత్ బిక్కచచ్చిపోయి మేకు నుంచి బిళ్ల తీసి చూపించాడు. సేటు దాన్ని చేత్తో ముట్టుకోలేదు. తీసెయ్యమన్నాడు. ఇంకేం కావాలని అడిగాడు.

అడగాలే గానీ మా ఆడవాళ్లకు మాటలు కరువా! తాగడానికి చల్లటి నీళ్లు, రేకుల కింద ఫ్యాన్లు, పెంచకముందు ఉన్న చొక్కాల లెక్క. నిఖితకు కాన్పు సెలవు, తిరిగొచ్చాక అదే మిషను. అరుణశ్రీని మళ్లీ పిలిపించాలి. సేటు ఒక్కొక్కదానికి మొహం చిట్లిస్తూనే తల ఊపాడు. సుజాత అన్నీ మరాఠీలో రాసి సంతకం పెట్టించుకుంది.

"ఇంకొక్కటి" అంది భూదేవి.

"ఇంకా ఏంది?" అని మూలిగాడు కృష్ణకాంత్.

"లెక్క అయిపోతె గేటు తెరవాలె. గుత్త అంటె గుత్తనే. తొందరగ కుట్టినోళ్లు తొందరగ ఇంటికి పోతరు. ఎక్కువ కుట్టినరని లెక్క పెంచుడు ఉండొద్దు."

సేటుకు గుత్త సంగతి సుజాత వివరించి చెప్పాల్సి వచ్చింది. విన్నాక ఆయన మొదటిసారి కొంచెం నవ్వాడు. సరే అన్నాడు.

ఆ వారంలోనే గోదాం మూల నీడలో రెండు రంజన్లు, పెద్ద మట్టి కుండలు, వచ్చి కూర్చున్నాయి, నిండా చల్లటి నీళ్లతో. ఒకదానికి మూత లేదు. దేవక్క అటూ ఇటూ చూసి, కృష్ణకాంత్ బల్ల కింద పడి ఉన్న ఎర్ర బిళ్లల్లో ఒకదాన్ని తీసింది. తాడు కత్తెరతో కత్తిరించి పారేసి, బాగా కడిగి, రంజన్ మీద బోర్లించింది. అచ్చం దానికోసమే చేసినట్టు సరిపోయింది. "ఇన్నాళ్లకు దీనికి మంచి ఉజ్జోగం దొరికింది" అంటే, కృష్ణకాంత్ కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆయనే ముందుగా మూత తీసి ఒక గ్లాసు ముంచుకున్నాడు.

కొత్త ఒప్పందం మొదటి రోజు నిఖిత పని మధ్యలో లేచింది. అలవాటు కొద్దీ కృష్ణకాంత్ బల్ల వైపు ఒక అడుగు వేసి, ఆగి, వెనక్కి తిరిగింది. రంజన్ దగ్గరికి వెళ్లి ఎర్ర మూత పక్కన పెట్టి, గ్లాసు నిండా నీళ్లు తీసుకుని, అందరూ చూస్తుండగా గటగటా తాగింది. ఇంకో గ్లాసు తాగింది. ఎవరినీ అడగకుండా బాత్రూముకు పోయి వచ్చింది. ఆమె మిషను ముందు గుట్ట లేదు.

అప్పుడు భూదేవి పాట ఎత్తుకుంది.

చలికాలం తర్వాత ఫ్యాక్టరీలో ఆమె పాట లేవడం అదే మొదటిసారి. నాట్ల పాట, గుత్త మడిలో పాడే పాట, చేతులను నిలవనివ్వని పాట. దేవక్క అందుకుంది. వరుసంతా అందుకుంది. సూదులు పరుగెత్తాయి. నిఖిత పక్కామె అడగకుండానే ఆమె వంతులోంచి కొన్ని చొక్కాలు లాక్కుని తనే గుండీలు వేసింది. లెక్క నిండేసరికి పొద్దు ఇంకా చాలానే ఉంది. ఒక్క నిఖిత చేతిలో మాత్రం ఆఖరి చొక్కా మిగిలింది. మిగతా వాళ్లంతా మిషన్లు ఆపి, లేవకుండా, ఆమె వైపే చూస్తూ కూర్చున్నారు. నిఖిత ఆఖరి గుండీ వేసి దారం కొరికింది.

"అయింది అక్కా" అంది.

అందరూ కలిసి లేచారు. జంగు అప్పటికే గేటు బార్లా తెరిచి పక్కన నిలబడి ఉన్నాడు. తాళం చెవి ఈసారి దాచుకోలేదు, పైకెత్తి చూపించాడు. బయట వాన వెలిసి తడి రోడ్డు మీద ఎండ కాస్తోంది. నిఖిత మొగుడి చొక్కా తొడుక్కోలేదు, మడిచి భుజాన వేసుకుని ముందు నడిచింది. భూదేవి బామ్ని జీపు ఎక్కేదాకా పాట ఆపలేదు.